సగం కోసిన పలక

లెమ్యుయెల్ వైనాట్ బైబిలు మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం వల్ల నా భార్య చావు ఆమె సొంత తప్పయింది. ఇది నా అనుమానం కాదు. జరిగిన సంగతి.

పందొమ్మిది వందల నలభై మూడు అక్టోబరులో, హారిస్ జింక్ అనే ఆయన ఓడల యార్డులో, మధ్యాహ్నం పన్నెండు గంటలకు లియోటా నాకు భోజనం డబ్బా తెచ్చింది. ఓడకు ఎడమ పక్కనున్న పరంజా కింద నుంచి నడిచింది. రెండో అంతస్తులో ఎవరో వదిలేసిన కొయ్య సుత్తి దొర్లి ఆమె తల మీద పడింది. పనిముట్లు దొర్లిపోకుండా పరంజా అంచున ఆరంగుళాల ఎత్తు చెక్క నిలబెట్టి మేకులు కొట్టాలి. ఆ రోజు అక్కడ అంచు చెక్క లేదు. నేను కళ్ళారా చూశాను. పరంజా మేస్త్రీ లెమ్ మాత్రం ఉందని ప్రమాణం చేశాడు. పెళ్ళాం పోయిన వాడి మాట కంటే మేస్త్రీ మాటకు బరువెక్కువ. "నడవకూడని చోట నడిచింది" అని రాసి కాగితం మూసేశారు.

ఆ కాగితం రాసింది ఆర్డెన్ మోషర్. అప్పుడు కానిస్టేబులు, ఇప్పుడు సార్జెంటు.

నేను ఆ యార్డు వదిలేశాను. ఒంటి గది పల్లె బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి, ముప్పై ఎనిమిదో ఏట పరీక్ష రాసి ప్రభుత్వ పరంజాల ఇన్‌స్పెక్టర్నయ్యాను. నోవా స్కోషియా తీరంలో నేను ఎక్కి చూడని పరంజా లేదు, ఆ ఒక్క యార్డులో తప్ప. అక్కడికి వేరేవాళ్ళను పంపేవాణ్ణి.

ఈ సోమవారం పంపడానికి ఎవరూ లేరు.

శనివారం పొద్దున ఏడూ నలభైకి ఎల్స్‌వర్త్ టానర్ అనే పనివాడు పరంజా మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఓడ పలకల సందుల్లో పీచు దట్టించడం అతని పని. కాళ్ళ కింద పలక విరిగింది. ఇరవై రెండు అడుగులు. డాక్టరు వచ్చేసరికి ప్రాణం లేదు. విరిగిన పలకకు రంపం కోత ఉంది. తొమ్మిది గంటలకు మోషర్ లెమ్‌ను అరెస్టు చేశాడు. మామూలు నేరం కాదు, హత్య. మరణ విచారణ ఇవాళ రెండు గంటలకు, అగ్నిమాపక భవనంలో. జ్యూరీ అవునంటే సాయంత్రానికి లెమ్ జిల్లా జైల్లో ఉంటాడు. ఆ తర్వాత ఉరి.

తొమ్మిదీ ఇరవైకి లాకప్ ముందు కారు ఆపాను. నేనేమీ చెయ్యకుండా నాలుగు గంటల నలభై నిమిషాలు కూర్చుంటే చాలు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే లోపలికి వెళ్ళాను.

లెమ్‌కు అరవై ఎనిమిదేళ్ళు. బల్ల కొసన కూర్చుని ఉన్నాడు. పక్కన టీ చల్లారిపోయి ఉంది.

"వచ్చావా, టైటస్. రావేమో అనుకున్నాను."

"ఇన్‌స్పెక్టర్ కార్కమ్ అను."

"సరే. ఇన్‌స్పెక్టర్ కార్కమ్."

"ఆ పలక కోసింది నువ్వేనా?"

"నేనే."

"ఎప్పుడు?"

"గురువారం. నాలుగైంది."

"సార్జెంటుకు ఇదే చెప్పావా?"

"కోశావా అన్నాడు. కోశానన్నాను. పెన్ను మూత పెట్టేశాడు."

"ఎందుకు కోశావో అడగలేదా?"

"అడిగితే కదా చెప్పడానికి. నువ్వూ అడగక్కర్లేదు. పదహారేళ్ళు నా పరంజాల మీద పని చేశావు."

నిజమే. లెమ్ పద్ధతి నాకు తెలుసు. పలకను రెండు దిమ్మల మీద అడుగు ఎత్తున పరుస్తాడు. ముగ్గురు మనుషులు నడుమ నిలబడి ఒకేసారి గెంతాలి. చిటుక్కుమన్నా, మరీ వంగినా ఆ పలక పనికిరాదు. అప్పటికప్పుడే రంపం తీసి అంచు నుంచి నడిమి దాకా కోసేస్తాడు, ఇంకెవరూ పరంజా మీద పరవకుండా. దాన్ని, ఓడ పలకలు వంచడానికి ఆవిరి పట్టే పెట్టె కింది పొయ్యి దగ్గర పారేస్తారు. పొయ్యివాడు కాలేసి విరిచి మంటలో పెడతాడు. నలభై ఏళ్ళుగా అదే పద్ధతి. సగం కోసిన పలకను చూస్తే యార్డులో ఎవరికైనా విషయం తెలిసిపోతుంది.

మరి అది మూడో అంతస్తు మీదికి ఎలా చేరింది? అయిదంగుళాల రంపం కోత ఎవరి కంటా ఎందుకు పడలేదు?

"గురువారం ఎన్ని కోశావు?"

"రెండు. పన్నెండు కావాలన్నారు, పది తేలాయి. కొత్త కలప సోమవారం వస్తుంది, అందాకా ఆగమని జింక్‌కు చెప్పాను."

"ఆగాడా?"

"నేను లేను. శుక్రవారం పన్నెండు గంటల బస్సుకు హాలిఫాక్స్ వెళ్ళాను, కళ్ళ డాక్టరు దగ్గరికి. చుక్కలేశాడు. రాత్రి మా చెల్లెలింట్లో పడుకున్నాను. శనివారం ఎనిమిదిన్నరకు బస్సు దిగాను. తొమ్మిదింటికి మోషర్ వచ్చాడు."

"ఎల్స్‌వర్త్‌ను గురువారం బండబూతులు తిట్టావట."

"తారు పీచు పెట్టె పక్కన కూర్చుని అగ్గిపుల్ల గీస్తే ముద్దు పెట్టుకోమంటావా?"

నవ్వు రాలేదు. ఇద్దరికీ రాలేదు.

"ఇంకొకటి," అన్నాను. "నలభై మూడులో ఎందుకు అబద్ధమాడావు?"

లెమ్ గోడ వైపు తిరిగాడు. "అది అడక్కు, అబ్బాయ్. ఈ కేసు చూసుకో."

"నన్ను అబ్బాయ్ అనకు."

పదీ అయిదుకు యార్డు గేటు దగ్గర ఉన్నాను. పని ఆపేశారు. కొయ్య సుత్తుల చప్పుడు లేదు. అయినా నాకు వినిపించింది. పదకొండేళ్ళుగా వినిపిస్తూనే ఉంది, నిద్రలో, చర్చిలో, నీళ్ళు మరుగుతున్నప్పుడు. ఓడ కుడి పక్క నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాను. అది దూరం.

మోషర్ స్తంభానికి ఆనుకుని పిప్పరమెంటు చప్పరిస్తున్నాడు.

"దారి మర్చిపోయారా, ఇన్‌స్పెక్టర్ గారూ? ఎడమ పక్క నుంచి దగ్గర కదా."

నేను బల్ల దగ్గరికి నడిచాను. పలక ముక్కలు రెండూ బల్ల మీద ఉన్నాయి.

"చూసుకో. రంపం కోత ఒకటి. ఒప్పుకోలు రెండు. తగాదా మూడు. పరంజాల బడిలో ఇంతకంటే ఏం నేర్పుతారు?"

పది అంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న స్ప్రూస్ కలప పలక. పైనా కిందా అంచులా తెల్ల రంగు. నాకు ఒళ్ళు మండింది. పరంజా పలకకు రంగు వెయ్యకూడదు. వేస్తే పగులు కనబడదు, ముడి కనబడదు, పుచ్చు కనబడదు. నియమాల పుస్తకంలో ఆ వాక్యం నేను రాసిందే. దాని నకలు ఈ యార్డు ఆఫీసులో మేకుకు వేలాడుతోంది.

"రంగు ఎప్పుడు వేశారు?"

"శుక్రవారం మూడు నుంచి అయిదు దాకా. బుధవారం ఓడను నీళ్ళలోకి దించుతారు. శనివారం పది గంటలకు ఫోటోలవాళ్ళు రావాలి. పెళ్ళిలా ఉండాలన్నాడు జింక్."

విరిగిన కొసను వెలుతురుకు తిప్పాను. అయిదంగుళాల మేర పచ్చగా, పేళ్ళు లేచి, అప్పుడే విరిగినట్టు ఉంది. మిగతా అయిదంగుళాల మేర నున్నగా, రంపం పళ్ళ గీతలతో ఉంది. ఆ గీతల మీద బూడిద రంగు పదార్థం అంటుకుని ఉంది. గోరు గుచ్చాను, దిగింది. వాసన చూశాను. అవిసె నూనె.

"ఇదేమిటో చెప్పు, సార్జెంట్."

"దుమ్ము."

"లప్పం. కోతలో లప్పం కూరి, పైన రంగు వేశారు."

మోషర్ చప్పరించడం ఆపాడు. ఆపింది ఒక్క క్షణమే. "ఇంకా బాగుంది. కోశాడు, లప్పంతో దాచాడు. పక్కాగా అనుకుని చేసిన హత్య. నా కేసు గట్టి చేసినందుకు థాంక్స్."

"లెమ్ మధ్యాహ్నం బస్సెక్కాడు."

"గురువారం రాత్రి లప్పం పెట్టి ఉంటాడు."

"ఎల్స్‌వర్త్ ఆ పలక మీదే కాలేస్తాడని లెమ్‌కు ఎలా తెలుసు?"

"అది జ్యూరీ చూసుకుంటుంది."

నేను నిచ్చెన ఎక్కాను. మూడో అంతస్తులో పదకొండు పలకలు మిగిలాయి. తెల్ల రంగు కింద అన్నీ ఒకలాగే ఉన్నాయి. చాకు మొనతో ఒక్కొక్కదాని అంచు గీస్తూ పోయాను. తొమ్మిదో దాంట్లో మొన సులువుగా దిగింది. అంచు నుంచి నడిమి దాకా లప్పమే.

లెమ్ గురువారం కోసింది రెండు. రెండూ ఇక్కడే ఉన్నాయి. ఒక మనిషిని చంపాలనుకున్నవాడు ఒక పలక కోస్తాడు. పలకలు చాలనివాడికి రెండూ కావాలి.

దాన్ని విప్పి, తాడుతో కిందికి దించి, కారు పైకప్పుకు కట్టాను. మోషర్ దారికి అడ్డం నిలబడ్డాడు.

"అది పోలీసు సాక్ష్యం."

"నువ్వు చూడని సాక్ష్యం. పనికిరాని పరంజా కలపను పని స్థలం నుంచి తీసెయ్యమని చట్టం నాకు చెప్పింది. కావాలంటే నన్నూ లోపల వెయ్యి. లాకప్‌లో రెండు పడకలున్నాయి."

అతను తప్పుకున్నాడు. "ఆ ముసలాడి కోసం నీకింత తాపత్రయం ఏంటయ్యా?" అని వెనక నుంచి అరిచాడు. నాకూ తెలియదు.

రంగు వేసినవాడి పేరు పొయ్యివాడు చెప్పాడు. ఫాస్టర్ డెమోన్, ఇళ్ళ పెయింటర్, నలభై ఏళ్ళవాడు. ఓడల యార్డులో ఆ ఒక్క పూటే పని చేశాడు. పక్క ఊరి లూథరన్ చర్చిలో కిటికీలకు రంగు వేస్తుంటే పదకొండూ పదికి పట్టుకున్నాను. నన్ను చూడగానే బ్రష్షు కింద పెట్టాడు.

"శుక్రవారం ఎన్ని పలకలకు వేశావు?"

"పన్నెండు, సార్."

"పన్నెండూ ఒకే చోట ఉన్నాయా?"

"పదే ఉన్నాయి. రెండు తగ్గాయని జింక్ గారు పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఒక కొస పట్టుకున్నారు, నేను ఒక కొస."

"వాటికి కోత ఉందా?"

"ఉంది, సార్. ఇది తెగి ఉందండీ అన్నాను. పెయింటర్‌వా కాదా, నింపు అన్నారు. నింపాను." గొంతు పెరిగింది. "తలుపు చీలితే నింపమా? కిటికీ చీలితే నింపమా? నా పనే అది!"

"అది తలుపు కాదు."

"నాకేం తెలుసు, సార్? యార్డు ఆయనది. తెలిసినవాడు ఆయన." చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. "నిన్న మా ఆవిడ టానర్ వాళ్ళింటికి ఆపిల్ పై వండి పట్టుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. టానర్ భార్య రండి కూర్చోండి అంది. నా గోళ్ళల్లో ఇంకా తెల్ల రంగుంది. ఉన్నంతసేపూ చేతులు టోపీ కిందే పెట్టుకున్నాను."

"ఇది ఎవరికైనా చెప్పావా?"

"చెప్పకేం? శనివారం పది గంటలకే సార్జెంటు గారికి చెప్పాను."

"ఏమన్నాడు?"

"చర్చి పని ఉంది కదా, పోయి చేసుకో అన్నారు."

నేను అతని కోటు తీసి అతని చేతికిచ్చాను.

ఒంటిగంటన్నరకు అగ్నిమాపక భవనం వెనక మోషర్ దొరికాడు. ఫాస్టర్ కారులో కూర్చుని ఉండటం చూశాడు. అబద్ధమాడే శ్రమ తీసుకోలేదు.

"విను, కార్కమ్. నూట నలభై కుటుంబాలు ఆ యార్డు మీద బతుకుతున్నాయి. జింక్ లోపలికెళ్తే గేటుకు తాళం పడుతుంది. లెమ్‌కు చూపు పోతోంది, పెళ్ళాం పిల్లల్లేరు. పైగా కోసింది తనే. ఇందులో నేను కనిపెట్టింది ఏముంది?"

"ఉరి తీసేది మనిషిని."

"ఏ మనిషిని? నీ పెళ్ళాం చచ్చిపోతే అంచు చెక్క ఉందని ఒట్టేసిన మనిషిని. ఆ ఒట్టు నేను రాసుకున్నాను, నువ్వు విన్నావు. వాడికి ఏడుస్తావా?" గడియారం చూశాడు. "టైరు పేలిందని చెప్పు. రెండున్నరకు రా. నిన్నెవరూ ఏమీ అనరు. నీకు రావాల్సింది నీకు వస్తుంది."

నేను కారులోకి వెళ్ళి కూర్చున్నాను. ఇంజను వేశాను. వెనక సీట్లో ఫాస్టర్ నన్నే చూస్తున్నాడు. పైకప్పు మీద పలక కొస అద్దంలోంచి కనిపిస్తోంది. లియోటా పక్క సీట్లో ఉన్నట్టనిపించింది. ఎప్పుడూ అలా వచ్చి కూర్చుంటుంది, ఇవాళా కూర్చుంది. అలా ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల గురించి గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఒకటీ యాభై ఎనిమిదికి ఇంజను ఆపి, పలక భుజాన వేసుకుని లోపలికి నడిచాను.

మరణ విచారణ జరిపే కరోనర్ బల్ల మీద పలక పెట్టాను. జ్యూరీలో ఏడుగురూ చూస్తుండగా చాకుతో లప్పం తవ్వి తీశాను. రంపం కోత బయటపడింది. జ్యూరీలో ముసలి జాలరి ఒకాయన లేచి వచ్చి కోతలో బొటనవేలు పెట్టి చూశాడు.

"లెమ్ కోత," అన్నాడు. "మా నాన్న కాలంలోనూ ఇంతే. ఇది పొయ్యిలో పెట్టేది కదా. దీనికి రంగేశారేంట్రా?"

ఫాస్టర్ లేచి చెప్పాడు. చేతులు బల్ల మీద పెట్టే చెప్పాడు. శనివారం పది గంటల సంగతి కూడా చెప్పాడు. కరోనర్ కళ్ళజోడు తీసి మోషర్ వైపు చాలాసేపు చూశాడు.

హారిస్ జింక్ లేచాడు. "ఫోటోల కోసమండీ. ఒక్క పూటకి. ఆ రెండింటి మీద ఎవరూ ఎక్కొద్దని చెప్పాను."

"ఎవరికి చెప్పారు?" అన్నాను.

ముందు వరసలో ఎల్స్‌వర్త్ భార్య కూర్చుని ఉంది. ఎవరి పేరన్నా వస్తుందేమోనని ఆయన పెదాలకేసే చూసింది. రాలేదు.

మూడూ పదికి లెమ్‌ను వదిలేశారు. జింక్‌ను జిల్లా అధికారులు తీసుకెళ్ళారు. మోషర్ పోలీసు బెల్టు విప్పి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళాడు.

భవనం వెనక మెట్ల మీద లెమ్ నా కోసం ఆగాడు. టోపీ చేతిలో ఉంది.

"ఏమని చెప్పను, టైటస్..."

"ఏమీ వద్దు. నలభై మూడు సంగతి చెప్పు."

"వదిలెయ్."

"ఇవాళ నీ మెడ మీద నుంచి తాడు తీశాను. బదులు అడుగుతున్నాను."

"అందుకే చెప్పకూడదు."

"జింక్ చెప్పమన్నాడా?"

"లేదు."

"మోషరా?"

"లేదు."

"అంచు చెక్క లేదు. అవునా?"

మెట్లకేసి చూస్తూ అన్నాడు. "లేదు."

ఆ ఒక్క మాట కోసం పదకొండేళ్ళు ఆగాను. అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ నా వృత్తి అడగడం.

"ఎప్పుడు తీశావు?"

"పదకొండున్నరకు. పాతది చీలింది. కొత్తది కోసి, మూడు మేకులు సగం దాకా దిగ్గొట్టి, ఓడ ముక్కు దగ్గర ఆనించాను. పైకెక్కబోతే సుత్తి లేదు, షెడ్డులో మేకులు కొట్టిన చోటే మరిచాను. షెడ్డుకు వెళ్ళాను."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు. తాడు కట్టి దారి మూసి వెళ్ళాల్సింది. అది నా తప్పు. చచ్చేదాకా నాదే."

"తిరిగొచ్చేసరికి?"

"చెక్క లేదు. పావుగంట వెతికాను. ఇంకోటి కొయ్యడానికి వెళ్తుంటే పన్నెండు గంట కొట్టారు."

"ఎవరు తీసుకెళ్ళారు?"

లెమ్ చేతిలో టోపీని గుండ్రంగా తిప్పాడు.

"పేరు చెప్పు."

"పొద్దున్న వాన పడింది," అన్నాడు. "నేలంతా బురద. నువ్వు ఓడ అడుగున సందుల్లో పీచు దట్టిస్తున్నావు. మోకాళ్ళ మీద."

నాకు అర్థం కాలేదు. అర్థం కాకూడదనుకున్నానేమో.

"అరుపు విని నువ్వు పరుగెత్తావు. నేను నీ వెనకే వచ్చాను. నువ్వు లేచిన చోట నా చెక్క ఉంది. మేకులు బురదలోకి తిప్పి, దాని మీద మోకాళ్ళేసుకున్నావు. పనికిరాని ముక్క అనుకుని ఉంటావు. ఎవరైనా అలాగే అనుకుంటారు. చెక్క లేదంటే ఎక్కడికి పోయిందని అడుగుతారు. అడిగితే దొరుకుతుంది. ఉందన్నాను. రాత్రి దాన్ని పొయ్యిలో పెట్టాను. ఒక మనిషి పోయింది చాలదా అనుకున్నాను."

ఆ రోజు లియోటా పక్కన మోకరించినప్పుడు బురద చల్లగా తగిలింది. అంతవరకూ నా మోకాళ్ళు పొడిగా ఉన్నాయి. నాకు గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది. ఎందుకు పొడిగా ఉన్నాయో ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు.

లెమ్ నా భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. పక్కకు జరిగాను.

"క్షమించానని అనుకోకు," అన్నాను.

ఎవరినని అతను అడగలేదు. టోపీ పెట్టుకుని, తడుముకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లియోటా ఎలా పోయిందో నన్ను ఇకమీదట ఎవరూ అడగొద్దు. కరోనర్ అడిగినా, పాస్టర్ అడిగినా, పై నుంచి పిలిపించి అడిగినా చెప్పను. ఈ సంగతి మళ్ళీ నా నోట రాదు.